జిరోండ్ ఒడ్డున, ద్రాక్షతోటల మధ్య సైకిల్ టూర్: ఇబ్బంది ఏంటి, ఎందుకొచ్చింది, ఏం చేయాలి

ఫ్రాన్స్‌లో బోర్దో దాటాక గారోన్, దోర్దోన్ నదులు రెండూ కలిసి జిరోండ్ అవుతాయి, అక్కణ్ణుంచి సముద్రం దాకా ఓ 75 కిలోమీటర్లు ఒండ్రు కలిసిన గోధుమరంగు నీళ్ళే. ఎడమ ఒడ్డున మెడాక్ తోటలు, కుడి ఒడ్డున బూర్, బ్లాయ్ కొండలు. ఇక్కడ నిదానంగా సైకిల్ మీద తిరుగుదాం అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. అందరూ బండికి ఏమవుతుందో అని బెంగపడతారు గానీ ఇక్కడ ట్రిప్ పాడయ్యేది ఎక్కువగా టైమింగ్ దగ్గరే, గాలికో టైముంది, పోటుకో టైముంది, ఫెర్రీకీ బేకరీకీ కూడా టైముంది. రోజుకి 40, 50 కిలోమీటర్లకి మించి పెట్టుకోకండి, సగం సమస్యలు అసలు రావు. వచ్చేవాటి సంగతి ఇదీ.

మధ్యాహ్నం అయ్యేసరికి ఎంత తొక్కినా బండి కదలట్లేదు

ముందు బ్రేకు రాసుకుంటుందేమో చూడండి. చక్రం పైకెత్తి తిప్పితే ఫ్రీగా తిరగాలి. తిరుగుతుంటే మాత్రం అది గాలే. ఎండాకాలంలో పొద్దున ప్రశాంతంగా ఉంటుంది, నేల వేడెక్కేకొద్దీ సముద్రం మీంచి పడమర, వాయవ్యం వైపు నుంచి గాలి మొదలవుతుంది, ఈ మొగ (నది సముద్రంలో కలిసే వెడల్పాటి చోటు) కూడా సరిగ్గా వాయవ్యం వైపే తెరుచుకుని ఉంది కాబట్టి బోర్దో నుంచి సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకి అది మొహం మీదే కొడుతుంది. ద్రాక్ష తీగలు పెద్ద ఎత్తుండవు, అడ్డుగా చెట్టూ లేదు గోడా లేదు.

దీనికి మంచి మందు రూటు తిరగేయడమే. బోర్దోలో టీఈఆర్ అనే ప్రాంతీయ రైలెక్కి మెడాక్ మీదుగా ల వెర్దోన్ వైపు, లైను చివరికంటా వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి సెంటెస్తెఫ్, పొయాక్, మార్గో మీదుగా కిందకి తొక్కుకుంటూ రండి. మధ్యాహ్నం గాలి వీపు మీద పడుతుంది, ఆ సుఖం వేరు. రైల్లో సైకిల్‌కి చోటు తక్కువే ఉంటుంది కాబట్టి రద్దీ లేని టైము చూసుకోండి. ఇప్పటికే ఎదురుగాలిలో ఇరుక్కుపోయారా, స్పీడు సంగతి వదిలేసి రెండు గేర్లు దించి తేలిగ్గా తొక్కండి, ఇద్దరుంటే ఒకరి వెనక ఒకరు కాసేపు మార్చుకుంటూ వెళ్ళండి, పొద్దు వాలేటప్పుడు ఎలాగూ తగ్గుతుంది.

ఒడ్డుకొచ్చేసరికి ఫెర్రీ వెళ్ళిపోయింది

మొగ మీద ఒక్క వంతెన కూడా లేదు, ఇది బుర్రలో పెట్టుకోవాలి. దాటాలంటే రెండే చోట్లు, మధ్యలో బ్లాయ్ నుంచి లామార్క్, సముద్రం దగ్గర రువాయాన్ నుంచి ల వెర్దోన్. రెండింటిలోనూ సైకిల్ ఎక్కిస్తారు. టైమింగ్స్ సీజన్‌ని బట్టి మారిపోతుంటాయి, పాత బ్రోచరు చూసుకుని వెళ్తే దెబ్బతింటారు. బ్లాయ్‌లో తప్పిపోతే చుట్టూ తిరిగి బోర్దో మీదుగా లామార్క్ రావడానికి 70 కిలోమీటర్ల పైనే, ఆ పని మాత్రం చేయొద్దు. ఆ రోజు టైమింగ్స్ ముందురోజు రాత్రే చూసుకోండి, చివరి ఫెర్రీ మీద ఎప్పుడూ ఆధారపడకండి, దాని ముందుది మీది అనుకోండి. తప్పిపోతే ఊళ్ళోనే ఉండిపోండి, బ్లాయ్‌లో వోబాన్ అనే సైనిక ఇంజినీరు కట్టించిన కోట ఉంది, 2008లో యునెస్కో లిస్టులో చేరింది, సైకిల్ తాళం వేసి గోడ మీద నడుస్తూ సాయంత్రం గడిపేయొచ్చు, నా మాట నమ్మండి, టూర్‌లో అదో మంచి పూట అవుతుంది.

కాళ్ళు వణుకుతున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి, ఊళ్ళో ఒక్క కొట్టూ తెరిచిలేదు

తిండి అయిపోయింది, అంతే. ఇక్కడి పల్లెల్లో మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువసేపు కొట్లు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం, సోమవారం అయితే మరీ కష్టం. పొద్దున బేకరీ కనిపించగానే ఆకలి లేకపోయినా కొనేయండి. ఇప్పుడే కళ్ళు తిరుగుతుంటే మాత్రం దిగి నీడలో కూర్చుని తీపిది ఏదైనా తినండి, ఓ పావుగంట ఆగాకే బండెక్కండి. నీళ్ళకి మాత్రం ఒక చిట్కా, ఊరి స్మశానం గేటు లోపల దాదాపు ఎప్పుడూ ఒక కుళాయి ఉంటుంది, పూలమొక్కలకి నీళ్ళు పోయడానికి పెట్టింది, ఫ్రాన్స్‌లో సైకిలిస్టులందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. పైన బోర్డు మీద నాన్ పొతాబ్ల్ అని ఉంటే మాత్రం తాగొద్దు.

పంక్చర్ వేశాక మళ్ళీ అదే చక్రం దిగిపోయింది

ఎడమ ఒడ్డు నేలంతా గులకరాళ్ళే, తోటల మధ్య దారుల్లో దాంతోపాటు చలికాలం కత్తిరించిన తీగ ముక్కలు, పందిరికి కట్టే ఇనుప తీగ తుంపులు పడుంటాయి. ట్యూబు మారుస్తాం గానీ ఆ ఇనుప ముక్క టైరులోనే ఉండిపోతుంది, మళ్ళీ పొడుస్తుంది. అందుకని ట్యూబు తీసేటప్పుడు వాల్వు టైరు మీద ఏ అక్షరం దగ్గరుందో గుర్తుపెట్టుకోండి. ట్యూబులో గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుంటే బొక్క ఎక్కడో తెలిసిపోతుంది, దాన్ని మళ్ళీ టైరు పక్కన అదే అక్షరానికి ఆనించి చూస్తే ముల్లు ఉండాల్సిన చోటు రెండు వేళ్ళ వెడల్పులోకి వచ్చేస్తుంది. అక్కడ టైరు లోపలివైపు బట్టతో నెమ్మదిగా తుడవండి, వేలు పెట్టి లాగేస్తే కోసుకుంటుంది. బట్ట ఎక్కడ పట్టుకుంటే అక్కడే ఉంది దొంగ. బయటికి కనపడనంత సన్నగా ఉంటే టైరుని వంచండి, వంచితే తల బయటపెడుతుంది.

బొక్క ఒకటి కాకుండా పక్కపక్కన రెండు చీలికలు ఉన్నాయా, అప్పుడు ముల్లు కోసం వెతకక్కర్లేదు, గాలి తక్కువయి రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగింది. బ్యాగులతో వెళ్తున్నారు కదా, వెనక చక్రంలో ముందు చక్రం కంటే కొంచెం ఎక్కువ గాలి ఉంచాలి. 38, 40 మిల్లీమీటర్ల టైర్లయితే ఈ నేలకి బాగుంటాయి. పోనీ ఈ పంక్చర్ల గొడవే వద్దనుకుంటే బోర్దోకి ఆగ్నేయం వైపు ఆంత్ర్-ద-మేర్ ప్రాంతంలో పాత రైలు దారి మీద తారు వేసి సైకిళ్ళకే వదిలేశారు, క్రెయోన్ మీదుగా సోవ్‌తేర్ దాకా వెళ్తుంది, 1937 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచిన రోజె లాపెబీ పేరు పెట్టారు, అటుపక్క కూడా ద్రాక్షతోటలే.

బురద పట్టేసి చక్రం తిరగట్లేదు

మొగ ఒడ్డున పల్లపు దారులు పెద్ద పోటు రోజుల్లో తడుస్తాయి, ఆ ఒండ్రు మెత్తటి బంకమట్టి, మడ్‌గార్డు లోపల పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఫ్రాన్స్‌లో పోటు బలాన్ని 20 నుంచి 120 దాకా అంకెల్లో చెప్తారు, అది 90 దాటిన రోజున, అందులోనూ పడమర గాలి ఉంటే, పోటు టైముకి ఒడ్డు దారి వదిలేసి పైరోడ్డు పట్టుకోండి. పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, అంటే రోజుకి ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంటుంది, నిన్న పొడిగా ఉన్న టైము ఇవాళ పనికిరాదు. పట్టేశాక బలంగా తొక్కొద్దు, గేరు దగ్గర విరుగుతుంది. పుల్లతో గీకేసి, నీళ్ళు పోసి, చైన్ తుడిచి నూనె వేసుకోండి.

షాతో (వైన్ ఎస్టేట్) గేటు దగ్గర నిలబడితే ఎవరూ పలకట్లేదు

మెడాక్‌లో పెద్ద ఎస్టేట్లు ముందే అపాయింట్‌మెంట్ ఉంటేనే రానిస్తాయి, సెప్టెంబర్, అక్టోబర్ కోతల్లో చాలామందికి మాట్లాడే తీరికే ఉండదు. ముందుగా మెయిల్ పెట్టుకోండి, లేదంటే పొయాక్‌లో టూరిజం ఆఫీసులో అడగండి, కుడి ఒడ్డున బ్లాయ్, బూర్ వైపు చిన్న కుటుంబాల తోటలెక్కువ, మాటా మంచీ అక్కడే ఎక్కువ దొరుకుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, రుచి చూసి ఉమ్మేయడానికి అక్కడ పాత్ర పెడతారు, అది మర్యాదే, సిగ్గుపడకండి. లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాల్ లిమిట్ సైకిల్ తొక్కేవాళ్ళకీ వర్తిస్తుంది, పైగా బయటకొచ్చాక ఎండ, లారీలు, బరువు బ్యాగులు. రుచి చూడ్డం రోజులో చివరి పనిగా, బస దగ్గరగా పెట్టుకోండి.

తోటల మధ్య కళ్ళు మండుతున్నాయి, గొంతు గరగర

తీగల వరసల మీదుగా నడిచే పొడుగు కాళ్ళ ట్రాక్టరు కనిపిస్తే తోటకి మందు కొడుతున్నారన్నమాట, ముఖ్యంగా వసంతం నుంచి ఎండాకాలం దాకా. గాలి అటు నుంచి మీ మీదకి వస్తుంటే ముందుకెళ్ళకండి, వెనక్కి తిరిగి గాలి వచ్చే వైపుకి మారి అది వెళ్ళేదాకా ఆగండి, కళ్ళు మండితే మంచినీళ్ళతో కడుక్కోండి. పళ్ళు కోసుకుని తినడం అసలొద్దు. రోడ్డు పక్క వరసలకి ఇక్కడ పెద్ద చరిత్రే ఉంది, 1880ల్లో మెడాక్ రైతులు దారినపోయేవాళ్ళు పళ్ళు తినకుండా రోడ్డు పక్క తీగలకి రాగి కలిపిన మందు చల్లేవాళ్ళు, ఆ వరసలకి మాత్రం బూజు తెగులు రాలేదని మిలార్దే అనే శాస్త్రవేత్త గమనించాడు, ఇవాళ ప్రపంచమంతా వాడే బోర్డో మిశ్రమం అలా పుట్టింది.

దిగుడులో హ్యాండిల్ వణుకుతోంది

బూర్ నుంచి బ్లాయ్ మధ్య కొండ అంచు మీద చిన్న చిన్న ఎత్తుపల్లాలుంటాయి, అక్కడే ఇది బయటపడుతుంది. కారణం సాధారణంగా వెనక క్యారియర్ మీద, పైన కట్టిన వైన్ సీసాలు, ఒక్కోటి కిలో పైనే ఉంటుంది కాబట్టి ఆరు సీసాలంటే చిన్న పిల్లాణ్ణి ఎక్కించుకున్నట్టే. వణుకు మొదలైతే ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కొద్దు, మోకాలితో ఫ్రేము పైగొట్టాన్ని ఒత్తిపట్టి, వెనక బ్రేకుతో మెల్లగా తగ్గించి ఆపండి. తర్వాత క్యారియర్ బోల్టులు చూడండి, ఒకటి లూజయినా చాలు. బరువు కింది బ్యాగుల్లోకి, ఇరుసు దగ్గరికి దించండి, ముందు కూడా బ్యాగులుంటే కొంత అటు సర్దండి. సీసాలు మాత్రం మోసుకెళ్ళకండి, చాలా తోటలవాళ్ళు ఇంటికి పంపిస్తారు, ఎండలో బ్యాగులో ఉడికిన వైన్ ఎలాగూ బాగోదు.

చేతులు తిమ్మిరెక్కితే హ్యాండిల్ మీద పట్టు మారుస్తూ ఉండండి, మోకాలి ముందువైపు నొప్పయితే సీటు కొద్దిగా ఎత్తండి, వెనకవైపు నొప్పయితే కొద్దిగా దించండి, ఒక్కసారి అర సెంటీమీటరుకి మించి వద్దు. సాయంత్రం లేటయితే ఊరి బయట రాత్రిపూట మెరిసే జాకెట్ వేసుకోవడం అక్కడ చట్టం, బ్యాగులో అడుగున కాకుండా పైనే పెట్టుకోండి.