బైక్ టైరు సైడ్‌వాల్ దెబ్బతిందా? ఏది మార్చాలి, ఏది నడపొచ్చు

టైరు నేలకు ఆనే భాగంలో మేకు దిగితే ప్యాచో ప్లగ్గో వేయించుకుని వెళ్లిపోతాం. సైడ్‌వాల్‌కు, అంటే టైరు పక్క భాగానికి, ఆ సదుపాయం లేదు. అక్కడ రబ్బరు పలచన. చక్రం తిరిగిన ప్రతిసారీ అది వంగుతుంది కాబట్టి అతుకు నిలవదు.

పక్కన బుడిపెలా ఉబ్బింది

కారణం: టైర్లో గాలి తక్కువున్నప్పుడు బైక్ వేగంగా గుంతలో పడితే, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య సైడ్‌వాల్ నలిగిపోతుంది. లోపలున్న దారాల పొర తెగుతుంది. పైరబ్బరు మాత్రం బాగానే ఉంటుంది, అందుకే ఆ రోజు ఏమీ తెలియదు. తర్వాత్తర్వాత బలం పోయిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది.

పరిష్కారం: టైరు మార్చడమే. గాలి కొంచెం తీస్తే ఉబ్బు తగ్గినట్టే ఉంటుంది గానీ తెగిన దారాలు అతుక్కోవు. "లోపల పాత టైరు ముక్క పెట్టి సర్దేస్తా అన్నా" అని మెకానిక్ అంటే ఒప్పుకోకండి, ముఖ్యంగా ముందు టైరుకు. అది పేలితే బండి మన అదుపులో ఉండదు. కొత్తది వేసేటప్పుడు చక్రం తిప్పి రిమ్ కూడా చూపించుకోండి. అదే దెబ్బకు రిమ్ వంగి ఉండొచ్చు.

సన్నని పగుళ్లు

ఎండ, వయసు, తక్కువ గాలి. నెలల తరబడి కదలని బైకులకు ఇది మామూలే. సైడ్‌వాల్ మీద తయారీ నంబరు చివర నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. పగుళ్లు వెంట్రుకంతే ఉండి, టైరు మరీ పాతది కాకపోతే గమనిస్తూ నడపొచ్చు. గోరు దిగేంత లోతుంటే మార్చేయండి. మెరుపు కోసం డీజిల్ పూసే అలవాటుంటే మానుకోండి, రబ్బరు పాడవుతుంది.

కోత లేదా పక్కన దిగిన మేకు

పైపైన గీసుకుంటే భయం లేదు. దారాలు కనిపించినా, గాలి పోతున్నా ఆ టైరు పని అయిపోయినట్టే. ట్యూబ్ టైరైనా అంతే, కొత్త ట్యూబ్ వేసినంత మాత్రాన కోత పూడదు.

ఒకే వైపు చుట్టూ ఒరుసుకుపోయిన గీత

చైన్ బిగించినప్పుడు వెనక చక్రం వంకరగా కూర్చుని ఉంటుంది. లేదా కంపెనీ సైజు కన్నా వెడల్పు టైరు వేయించి ఉంటారు. మొదటిదైతే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీది గుర్తులు రెండు వైపులా సమానంగా వచ్చేలా సర్దించండి. రెండోదైతే పాత సైజుకే వెళ్లండి.

గాలి ఎంత ఉండాలో చాలా బైకుల్లో చైన్ కవర్ దగ్గరి స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వేరే అంకె. బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి.