బయోఫిజికల్ కెమిస్ట్రీ పీజీకి ఇంటి చదువు – మూడో పాఠం: కాంతితో ప్రొటీన్‌ను కొలవడం

పోయిన పాఠంలో బఫర్ లెక్కలు చేశాం. ఈసారి ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ దగ్గరికి వద్దాం. అమలాపురంలోనో తణుకులోనో బీఎస్సీ చదివి, పీజీతో బయోటెక్ ఉద్యోగాల వైపు వెళ్లాలనుకునేవాళ్లు అన్నిటికన్నా ముందు గట్టిగా పట్టు సాధించాల్సింది ఈ కొలత మీదే అని నా నమ్మకం. ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తోంది, మందు అణువు ప్రొటీన్‌ను ఎంత బలంగా పట్టుకుంటోంది లాంటి ప్రశ్నలకు జవాబు రావాలంటే ట్యూబులో ప్రొటీన్ ఎంత ఉందో ముందు తెలియాలి. ఆ అంకె తప్పితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

సూత్రం డిగ్రీలో చదివిందే, బీర్-లాంబర్ట్ నియమం. అబ్సార్బెన్స్ = ఎప్సిలాన్ × గాఢత × కాంతి ద్రావణంలో నడిచే దూరం. అబ్సార్బెన్స్ అంటే మెషీన్ చూపే రీడింగ్; ఎప్సిలాన్ అంటే ఆ పదార్థం కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందో చెప్పే అంకె (గాఢత మోలార్‌లో, దూరం సెంటీమీటర్లలో). భీమవరం చుట్టుపక్కల ల్యాబుల్లో రొయ్యల చెరువు నీళ్లకు చేసే అమ్మోనియా పరీక్షలో రంగు ముదురును బట్టి లెక్క కట్టేదీ దీనితోనే. అదే భీమవరంలో 1895లో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్ష కూడా ఇంతే. ఆమ్లంలో ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఏటీపీని విడగొట్టి ఫాస్ఫేట్‌ను వదిలే ఎంజైముల పనిని ఈ దారిలోనే కొలవచ్చు. మన డెల్టా పిల్లలు ఈ ప్రయోగాన్ని ఒక్కసారైనా సొంత చేతులతో చేయాలని నా కోరిక.

ప్రొటీన్‌కైతే రంగు కలపనక్కర్లేదు. దానిలోని ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు 280 నానోమీటర్ల కాంతిని వాటంతటవే పీల్చుకుంటాయి. ఒక్కో ట్రిప్టోఫాన్‌కు 5500, టైరోసిన్‌కు 1490, డైసల్ఫైడ్ బంధానికి (రెండు సల్ఫర్ పరమాణువుల మధ్య బంధం, ఇదీ కొద్దిగా పీల్చుకుంటుంది) 125 చొప్పున కూడితే ఎప్సిలాన్ వస్తుంది. ఈ మూడు అంకెలూ నోటికి రావాలి.

కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్‌నే తీసుకోండి. 6 ట్రిప్టోఫాన్లు, 3 టైరోసిన్లు, 4 డైసల్ఫైడ్లు. 33000 + 4470 + 500 = 37970. 1 సెంటీమీటరు కువెట్‌లో (ద్రావణం పోసి మెషీన్‌లో పెట్టే చిన్న పాత్ర) రీడింగ్ 0.76 వచ్చిందనుకుందాం. 0.76ను 37970తో భాగిస్తే సుమారు 20 మైక్రోమోలార్. అణుభారం 14,300 కాబట్టి మిల్లీలీటరుకు 0.286 మిల్లీగ్రాములు. కాలిక్యులేటర్ పక్కన పెట్టి కాగితం మీద చేయండి.

ఇక అసలు జాగ్రత్త. రీడింగ్ 2.4 వస్తే నోట్‌బుక్‌లో రాసేసుకోకండి. అబ్సార్బెన్స్ 1 అంటే పంపిన కాంతిలో 10 శాతం అవతలికి వచ్చిందని, 2 అంటే 1 శాతమని అర్థం. 2.4 దగ్గర వచ్చేది 0.4 శాతమే. అంత కొద్దిపాటి కాంతికి మెషీన్ లోపల దారి తప్పి డిటెక్టర్ మీద పడే కాంతి కలిసిందంటే, రీడింగ్ ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది. మామూలు మెషీన్ మీద 0.1 నుంచి 1 మధ్యకు వచ్చేదాకా బఫర్‌తో పలచన చేసి మళ్లీ చదవండి. ఎన్ని రెట్లు పలచన చేశారో అప్పుడే రాసి పెట్టుకోండి, చివర్లో దానితో గుణించడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

బ్లాంక్‌గా, అంటే మెషీన్‌ను సున్నాకు తేవడానికి, నీళ్లు పెట్టకూడదు; ప్రొటీన్‌ను ఏ బఫర్‌లో కలిపారో ఆ బఫర్‌నే, ప్రొటీన్ లేకుండా పెట్టాలి. మామూలు ప్లాస్టిక్, గాజు కువెట్లు 280 దగ్గర పనికిరావు, క్వార్ట్జ్ కావాలి. 340 దగ్గర కూడా ఒకసారి చదవండి. అక్కడ ఈ ప్రొటీన్ కాంతిని పీల్చుకోదు. అయినా రీడింగ్ వచ్చిందంటే ద్రావణంలో ముద్దలు కట్టిందన్నమాట, కాంతి వాటికి తగిలి చెదురుతోంది. 260 దగ్గరి రీడింగ్ 280ని మించితే డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ కలిసి ఉంటుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్నలు పడితే టెన్షన్ పడకుండా కారణం చెప్పగలగాలి.

అభ్యాసం: ఒక ప్రొటీన్‌లో 2 ట్రిప్టోఫాన్లు, 5 టైరోసిన్లు ఉన్నాయి, డైసల్ఫైడ్లు లేవు. 20 రెట్లు పలచన చేశాక 1 సెంటీమీటరు కువెట్‌లో 280 దగ్గర 0.369 వచ్చింది. అసలు గాఢత ఎంత? 340 దగ్గర 0.05 వచ్చి ఉంటే ఆ జవాబును ఎంతవరకు నమ్ముతారు, ఆ ట్యూబును ముందు ఏం చేస్తారు? నాలుగో పాఠం ఈ జవాబులతో మొదలుపెట్టి, ఎంజైమ్ వేగంలోకి వెళ్దాం.