ఇలియడ్ మధ్యలో వదిలేయకుండా చదవాలంటే

ఇలియడ్ అంటే గ్రీకులు ట్రాయ్ నగరం మీద చేసిన యుద్ధం గురించి హోమర్ చెప్పిన కావ్యం. ముందే చెప్తున్నా, గ్రీకులు లోపల దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన చెక్కగుర్రం కోసం దాన్ని తెరవకండి, అందులో అది లేదు. అది కావాలంటే రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియిడ్ రెండో సర్గకి వెళ్లండి. ఇలియడ్‌లో ట్రాయ్ కూలడం కూడా కనిపించదు. పదేళ్ల యుద్ధం చివర్లో కొన్ని వారాల కథ ఇది, గ్రీకు వీరుడు అకిలీస్ కోపంతో మొదలై ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో అయిపోతుంది.

మొత్తం 24 సర్గలు, 15 వేల పైచిలుకు పాదాలు. మొదటి పేజీ నుంచి పట్టుదలగా మొదలెట్టినవాళ్లు చాలామంది రెండో సర్గలోనే చతికిలపడతారు, నేనూ పడ్డాను, ఎందుకంటే ఎవరు ఏ ఊరి నుంచి ఎన్ని ఓడలు తెచ్చారో అక్కడ పెద్ద పట్టిక వస్తుంది, పెళ్లిలో చదివింపుల చిట్టా విన్నట్టే ఉంటుంది. మొహమాటపడకుండా దాటేయండి.

మొదటిసారికి 1, 6, 16, 22, 24 సర్గలు చాలు. ఒకటిలో గ్రీకుల సేనాధిపతి అగమెమ్నాన్‌తో గొడవపడి అకిలీస్ యుద్ధం మానేస్తాడు, 16లో అతని కవచం తొడుక్కుని వెళ్లిన స్నేహితుడు పాట్రోక్లస్ హెక్టర్ చేతిలో చనిపోతాడు. అకీయన్లు, ఆర్గైవ్‌లు, డానాయన్లు అని మూడు పేర్లు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, అందరూ గ్రీకులే.

ఆరో సర్గ మాత్రం నిదానంగా, వీలైతే పైకి చదవండి. యుద్ధం మధ్యలో ఊళ్లోకొచ్చిన హెక్టర్ కోట గుమ్మం దగ్గర భార్య ఆండ్రోమకీని కలుస్తాడు. కొడుకుని ఎత్తుకోబోతే, శిరస్త్రాణం మీద ఊగే గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి పిల్లాడు జడుసుకుని, దాది గుండెల్లోకి దూరి ఏడుస్తాడు. అమ్మానాన్నా నవ్వేస్తారు. హెక్టర్ శిరస్త్రాణం తీసి నేలమీద పెట్టి, వాణ్ని ముద్దాడి చేతుల్లో ఊపుతాడు. 'మెరిసే శిరస్త్రాణపు హెక్టర్' అని ప్రతిసారీ అంటుంటే విసుగొస్తుంది కదా, పాడి వినిపించే కథల్లో అలాంటివి మామూలే, కానీ పిల్లాడు భయపడింది సరిగ్గా ఆ శిరస్త్రాణానికే.

ఇది మనసులో ఉండగానే 22 చదవండి. అకిలీస్ చేతిలో భర్త చనిపోయాడని తెలియక, ఆండ్రోమకీ అతని స్నానానికి నీళ్లు కాయమని పనివాళ్లకి చెబుతుంటుంది.

24లో హెక్టర్ తండ్రి, ముసలి ప్రియామ్ రాత్రిపూట అకిలీస్ గుడారానికి వెళ్లి, తన కొడుకుల్ని చంపిన చేతుల్నే ముద్దుపెట్టుకుని హెక్టర్ శవాన్ని అడుగుతాడు. ఇద్దరూ ఏడుస్తారు, తర్వాత కలిసి భోంచేస్తారు. అక్కడిదాకా వచ్చాక వెనక్కెళ్లి మిగతావి చదువుకోండి, ఓడల పట్టిక అప్పటికీ మీ ఇష్టం.