డిశ్చార్జి అయింది, ఏఎన్‌ఎంకు తెలియలేదు: పైలట్‌లో చిక్కులు, పరిష్కారాలు

రోగిని వార్డు నుంచి ఊళ్లోని ఏఎన్‌ఎంకు (ఇళ్లకు వెళ్లి చూసే ఆరోగ్య కార్యకర్తకు) అప్పగించే యాప్‌ను గుంటూరులో పైలట్‌గా పెడుతుంటే ఒక వార్డు, ఒక మండలంతో మొదలుపెట్టండి. చిక్కులు చాలావరకు ఇవే.

డిశ్చార్జి నమోదైంది, ఏఎన్‌ఎం ఫోనుకు ఏమీ రాలేదు

అందరూ ముందు సర్వర్‌ని తిడతారు. మీరు చిరునామా చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సత్తెనపల్లి, చిలకలూరిపేట పల్నాడులోకి, రేపల్లె బాపట్లలోకి వెళ్లాయి. పాత ఆధార్ కార్డులో మాత్రం గుంటూరు జిల్లా అనే ఉంటుంది. అది చూసి కొడితే కేసు వేరే జిల్లా జాబితాలో పడి ఉంటుంది. జిల్లా గడి తీసేయండి. మండలం, సచివాలయం ఎంచుకుంటే జిల్లా దానంతటదే రావాలి. ప్రత్తిపాడు కాకినాడ జిల్లాలోనూ ఉంది, కాబట్టి ఊరిపేరుతో కాక కోడ్‌తో కలపాలి.

చిరునామా సరిగ్గానే ఉన్నా మనిషి అక్కడ ఉండకపోవచ్చు. పక్షవాతం వచ్చిన పెద్దాయన సొంతూరికి పోకుండా మంగళగిరిలో కూతురింటికి వెళ్తాడు. సిస్టర్ అడగాల్సింది "మీదే ఊరండీ?" అని కాదు, "ఇక్కణ్ణుంచి ఎవరింటికెళ్తారు, ఎన్నాళ్లుంటారు?" అని. ఆ జవాబుకు వేరే గడి పెట్టండి. ఫోన్ నంబరుకు మంచం దగ్గరే మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. అడ్మిషన్‌లో రాసింది తీసుకొచ్చిన పక్కింటాయనదై ఉండొచ్చు.

మెసేజ్ చూశారు, ఇంటికి ఎవరూ పోలేదు

గ్రూపులో పెట్టారన్నమాట. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టే. కేసు ఒక్క పేరు మీదే పడాలి. 24 గంటల్లో 'తీసుకున్నాను' నొక్కకపోతే ఎంఎల్‌హెచ్‌పీకి (ఊరి హెల్త్ క్లినిక్ చూసే ఆరోగ్యాధికారికి), 48 దాటితే పీహెచ్‌సీ డాక్టరుకు వెళ్లాలి. సెలవులో ఉన్నవాళ్లకు బదులు ఎవరో ముందే ఎక్కించండి.

రోగి ఇల్లు చేరిన రెండు మూడు రోజులకు కబురొచ్చింది

డిశ్చార్జి సమ్మరీ టైపయ్యాకే యాప్ కదులుతోంది. పొద్దుట రౌండ్స్‌లో 'రేపు పంపొచ్చు' అనగానే సిస్టర్ టిక్ పెడితే కబురు వెళ్లేలా మార్చండి. సమ్మరీ తర్వాత జతచేసుకోవచ్చు.

యాప్‌లో విజిట్ పచ్చగా (పూర్తయినట్టు) ఉంది, రోగి మళ్లీ వార్డులో ఉన్నాడు

మాత్రలు అయిపోయి ఉంటాయి. 7 రోజుల మందులిచ్చి 8వ రోజు విజిట్ పెడితే లాభం లేదు, 5వ రోజుకు పెట్టండి. మందుల గడిలో బ్రాండు కాకుండా 'క్లోపిడోగ్రెల్ 75 ఎంజీ, రోజుకు 1, ఇచ్చినవి 7' అని ఉండాలి. అప్పుడే పీహెచ్‌సీ స్టాకులో ఉందో లేదో చూడగలరు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టి, బీపీ చూసి, రెండూ ఎక్కించేదాకా 'పూర్తయింది' బటన్ తెరుచుకోకూడదు.