బైపాస్ తరువాత ఊపిరితిత్తుల బలం తిరిగి తెచ్చుకోవడం ఎలా?

బైపాస్ జరిగేది గుండెకే అయినా దాని దెబ్బ ఊపిరితిత్తుల మీదా పడుతుంది. ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువుగా కోస్తారు, రోగి గంటల తరబడి మత్తులో ఉంటాడు, మెలకువ వచ్చాక నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీసుకుంటాడు. దానితో ఊపిరితిత్తుల అడుగున, ముఖ్యంగా ఎడమవైపున, గాలి సంచులు ముడుచుకుపోయి కఫం అక్కడే నిలిచిపోతుంది. మొదటి రోజుల్లో ఊపిరి సామర్థ్యం మునుపటిలో సుమారు సగానికి పడిపోవడం సాధారణమే. అది కోలుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది.

ఆస్పత్రిలో ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటరును చాలామంది బూర ఊదినట్టు ఊదుతారు. అది ఊదడానికి కాదు, పీల్చడానికి. వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, మామూలుగా ఊపిరి వదిలి, గొట్టాన్ని పెదవులతో బిగించి నెమ్మదిగా పీల్చాలి. బంతుల దగ్గర ఉండే 600, 900, 1200 అంకెలు సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లోపలికి వెళుతున్నదో చెబుతాయి. మూడింటినీ ఒక్క ఉదుటున ఎగరేయడం కన్నా ఒక్క బంతినే పైన మూడు సెకన్లు నిలపడం మేలు. మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు, మధ్యమధ్య ఆగుతూ చేయాలి. తల తిరిగితే ఆపాలి.

దగ్గు విషయంలో ఇంటివాళ్లే తెలియక అడ్డుపడుతుంటారు. “దగ్గకండి నాన్నగారూ, కుట్లు విడిపోతాయి” అనడం ప్రేమతోనే, కానీ కఫం బయటికి రాకపోతే న్యుమోనియా రావచ్చు. కోసిన ఎముకను సాధారణంగా ఉక్కు తీగలతో బిగిస్తారు కాబట్టి, దిండును రొమ్ముకు గట్టిగా హత్తుకుని దగ్గితే భయపడవలసిన పని లేదు. డాక్టరు రాసిన నొప్పి మాత్రను వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే లోతుగా పీల్చడం సులువవుతుంది. నొప్పిని ఓర్చుకోవడం ఇక్కడ ధైర్యం కాదు, నష్టం.

రోజూ నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా నడవాలి. ఎముక అతుక్కునే ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు నీళ్ల బిందె వంటి బరువులు ఎత్తకూడదు. పొగ మళ్లీ ముట్టకూడదు.

జ్వరం, పసుపు లేదా ఆకుపచ్చ కఫం, రొమ్ము ఎముకలో టకటకమనే కదలిక, ఒక కాలి పిక్కలో వాపు కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.