చెన్నై తెలుగు తరగతిలో పిల్లలకు దగ్గరయ్యే విధానం

చెన్నైలో తెలుగు బోధించే ఉపాధ్యాయులు మొదటి వారంలోనే ప్రతి విద్యార్థి ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగి తెలుసుకోవాలి. తమిళనాడు ప్రభుత్వం 2006లో తెచ్చిన చట్టం బడుల్లో తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది కనుక, ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడే పిల్లలు కూడా తెలుగు చదవడంలో తడబడవచ్చు; దానిని అశ్రద్ధగా భావించకూడదు. హాజరు పిలిచేటప్పుడు ముఖం చూసి పేరు పలకండి. మౌనంగా ఉండే అమ్మాయిని అందరి ముందు నిలబెట్టి ప్రశ్నించడం కంటే, నోటుపుస్తకం దిద్దేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ మాట చాలా బాగుందమ్మా, ఎవరి దగ్గర నేర్చుకున్నావు?" అని అడగడం మేలు. అమ్మమ్మ దగ్గరని ఆమె చెబితే, మరునాటి పాఠంలో ఆ మాటనే ఉదాహరణగా వాడండి; అన్నిటికంటే ఇదే బాగా పనిచేస్తుందని నా నమ్మకం. తల్లిదండ్రులతో ఫిర్యాదు ఉన్నప్పుడే కాక, పిల్లలు బాగా చదివిన రోజున కూడా మాట్లాడండి.