ఒకే చార్మినార్ రూపాయి రెండు ఉంటే ఏది ఉంచుకోవాలి?

నిజాం కాలం నాటి హాలీ రూపాయలు, అంటే చార్మినార్ బొమ్మ ఉన్న హైదరాబాద్ సంస్థానం సొంత వెండి నాణేలు పోగుచేసేవాళ్ల దగ్గర కొన్నాళ్లకే ఒకే నాణెం రెండు మూడు చేరతాయి. అప్పుడు చాలామంది చేసే పని, తళతళలాడేది దాచుకుని నల్లగా ఉన్నదాన్ని అమ్మేయడం. అలా మంచి నాణెం బయటికి పోయి, తోమి పాడుచేసింది ఇంట్లో మిగులుతోంది. ఇది చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా, ఒక టేబుల్ ల్యాంప్, కింద పరచడానికి మెత్తటి తువ్వాలు ఉంటే చాలు. చేతులు కడిగి తుడుచుకోండి, నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి.

1. రెండూ నిజంగా ఒకే నాణెమేనా?

చార్మినార్ బొమ్మ ద్వారంలో ఉన్న ఉర్దూ అక్షరం చూడండి. మీమ్ (మ) ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ఐన్ (ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం) ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ నాణెం. హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) 1330 నాటివాటిలో ఐన్ సగమే కనిపించేవీ ఉన్నాయి, పూర్తిగా ఉన్నవీ ఉన్నాయి, అవి ఒకే నాణెం కిందికి రావు, రెండూ ఉంచుకోవాలి. చార్మినార్ వైపు హిజ్రీ సంవత్సరం ఉంటుంది, వెనకవైపు పాలన ఎన్నో ఏడో చెప్పే జులూస్ అంకె ఉంటుంది. హిజ్రీ ఒకటే అయినా జులూస్ మారితే అది వేరే నాణెమే. అంకెలు ఉర్దూలో ఉంటాయి, అరిగిన వాటిలో రెండు (۲), మూడు (۳) దగ్గర తికమక వస్తుంది. రెండుకు పైన ఒక వంపు, మూడుకు రెండు. హిజ్రీ 1300ల్లో ఏ సంవత్సరానికైనా రెండో అంకె మూడే కాబట్టి, అనుమానం ఉన్న అంకెను దాని పక్కన పెట్టి పోల్చుకోండి.

2. తూకం

ఈ రూపాయి అసలు బరువు 11.18 గ్రాములు, వెండి వెయ్యికి 818 పాళ్లు. అరుగుదల వల్ల కాస్త తగ్గడం మామూలే. బరువు బాగా తేడాగా ఉంటే దాన్ని పోటీలోంచి తీసేయండి. బరువు పెరిగిందంటే టంకం అంటుకుని ఉండొచ్చు. ఈ రూపాయలు ఎన్నో దండల్లో, గొలుసుల్లో వేలాడాయి కాబట్టి అంచు చుట్టూ తిప్పి చూడండి, ముఖ్యంగా పైభాగంలో. కొక్కెం పీకి ఆకురాయితో రాసిన చోట అంచు చదునుగా ఉంటుంది, రంగు కూడా తేడాగా ఉంటుంది. అలాంటిది ఎంత బాగున్నా నేను ఉంచుకోను, మీరూ ఉంచుకోకండి.

3. తోమారా, తోమలేదా?

అందరూ బోల్తా పడేది ఇక్కడే, తొందరపడకండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి ల్యాంప్ ఒక్కటే ఒక పక్కనుంచి పడేలా పెట్టండి. నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచండి. అసలు మెరుపు మిగిలిన నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన నాణెం ఎటు వంచినా ఒకేలా, అద్దంలా తెల్లగా మెరుస్తుంది, ఆ మెరుపు కదలదు. ఈ తేడా మొదటిసారే కంటికి పట్టదు, అందుకే ఒక్క నాణేన్ని చూసి తీర్పు చెప్పకండి, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే వెలుగులో మార్చి మార్చి చూడండి.

తర్వాత భూతద్దం. ఖాళీ జాగాలో ఒకే దిక్కుగా సాగే సన్నటి గీతలున్నాయా? అవి అక్షరం దగ్గర ఆగి, అవతల మళ్లీ మొదలవుతున్నాయా? అది గుడ్డతోనో బ్రష్‌తోనో రుద్దిన గుర్తు. అక్షరాల మూలల్లో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంటే పళ్లపొడి వాడారన్నమాట. చింతపండు, సోడా, నిమ్మకాయ ఏది వాడినా పోయిన పైపొర మళ్లీ రాదు.

చార్మినార్ మధ్యభాగం మసగ్గా కనబడగానే అరిగిందని కొట్టిపారేయకండి. అచ్చు గట్టిగా పడకపోయినా అలాగే ఉంటుంది. అచ్చు పడని చోట మెరుపు మిగిలే ఉంటుంది, అరిగిన చోట నున్నగా, మెరుపు లేకుండా ఉంటుంది. నా లెక్కలో అచ్చు సరిగా పడని నాణెం అరిగినదానికంటే ఎప్పుడూ పైనే.

ఇక నలుపు సంగతి. వెండి మీద సమానంగా పట్టిన బూడిద, నీలం, గోధుమ ఛాయలు కాలం వేసినవి, అదే ఆ నాణేనికి రక్ష. మరకలు మరకలుగా ఉన్నా, ఆకుపచ్చగా జిగురు పట్టినా అది వేరే కథ, పీవీసీ కవర్లలో దాచినవి అలా అవుతాయి. సమానంగా నల్లబడినదీ తోమి మెరిపించినదీ ఎదురుపడితే నల్లదే ఉంచాలి, అక్షరాలు కాస్త తక్కువ పదునుగా ఉన్నా సరే. అక్షరాల పదును చూసే ఎంచాలని కొందరు వాదిస్తారు. పదునైన నాణెం రేపు ఇంకోటి దొరకొచ్చు, కానీ ఎవరూ చెయ్యి పెట్టని పైపొరతో దొరకడం కష్టం. ధర చూసి ఎంచుకునేవాళ్లున్నారు, వాళ్లది వ్యాపారం.

4. మిగిలినదాన్ని ఏం చేయాలి?

తాతగారి పెట్టెలోంచి వచ్చినదైతే అమ్మకండి. ఎవరిదో చీటీ రాసి విడిగా పెట్టండి, కలెక్షన్ లెక్కలో కలపొద్దు. మిగతావి మార్చుకోండి, అమ్ముకోండి, తోమినదైతే ఆ మాట కొనేవాళ్లకు ముందే చెప్పండి. ఉంచుకున్నదాని హోల్డర్ (నాణెం దాచే తొడుగు) మీద హిజ్రీ, జులూస్, బరువు మూడూ రాయండి, నాణెం లోపల పెట్టకముందే రాయండి. అట్ట హోల్డర్ వాడితే స్టేప్లర్ పిన్నులు కొట్టాక వాటి కాళ్లను కటింగ్ ప్లేయర్‌తో చదునుగా నొక్కండి, లేకపోతే అవే పక్క నాణేన్ని గీరేస్తాయి.